యోగా మ్యాట్ మీద వాన్ గో పూలు: అత్తయ్య కాలు పెట్టనంటున్నారు

పటమట కోడలు · విజయవాడ · సోమవారం ఉదయం 6:52

అందరికీ నమస్కారం. చిన్న విషయమే కానీ ఇంట్లో నాలుగు రోజులుగా నలుగుతోంది.

మా అత్తయ్యకి అరవై మూడేళ్లు. మోకాళ్ల నొప్పులకి డాక్టరుగారు తేలికపాటి ఆసనాలు వేయమన్నప్పటి నుంచీ దగ్గర్లోని పార్కులో పొద్దున్నే క్లాసుకి వెళ్తున్నారు. వాడుతున్న మ్యాట్ ఎప్పుడో మా ఆయన కొన్న నీలం రంగుది. పొట్టు రాలుతోంది. లేచేసరికి క్లాసు కోసమే కుట్టించుకున్న పంజాబీ డ్రెస్సు వెనకంతా నీలం పొడి. పుట్టినరోజు వస్తోంది కదా అని ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించాను. 4,299 రూపాయలు. "సహజ రబ్బరు, పర్యావరణహితం" అని పెద్ద అక్షరాలతో రాసుంది. పైన డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన బాదం పూల కొమ్మ, నీలాకాశం మీద తెల్ల పూలు.

చుట్ట విప్పగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. చేత్తో తడిమి చూసి "హాల్లో గడియారం పక్కన తగిలిద్దామా?" అన్నారు. ఇది గోడకి కాదత్తయ్యా, నేల మీద పరిచి పైన నిలబడాలి అన్నాను. అంతే. "పూలని తొక్కుతామా? పైగా ఎవరో మహానుభావుడు వేశాడంటున్నావు. నాకొద్దమ్మా" అని చుట్టేశారు. మళ్లీ ఆ నీలం పొట్టు మ్యాటే చంకన పెట్టుకుని వెళ్తున్నారు.

నా ప్రశ్నలు రెండు. ఇలాంటి బొమ్మల మ్యాట్లు మీ ఇళ్లలో పెద్దవాళ్లు వాడుతున్నారా? రెండోది, ఇది నిజంగా పర్యావరణహితమేనా? విప్పినప్పుడు సైకిల్ ట్యూబు వాసన వచ్చింది. వాపసుకి ఇంకా మూడు రోజులు టైముంది.

కృష్ణలంక కుర్రాడు · విజయవాడ · 7:10

నాలుగు వేల మూడొందలా అక్కా! మా నాయనమ్మ తుంగ చాప మీద పడుకుని తొంభై ఏళ్లు బతికింది. దాని మీద ఏ పువ్వూ లేదు.

పటమట కోడలు · 7:14

పడుకోవడానికి చాప చాలు తమ్ముడూ. వంగి చేతులు ఆనిస్తే జారుతుంది కదా.

లక్ష్మీపురం మాస్టారు · గుంటూరు · 8:31

అమ్మాయ్, ముప్పై ఏళ్లు డ్రాయింగు చెప్పినవాణ్ణి. ముందు బొమ్మ సంగతి చెప్తాను, మీ అత్తయ్యగారికి వినిపించండి.

అది 1890 ఫిబ్రవరిలో వేసింది. వాన్ గో అప్పుడు ఫ్రాన్స్ దక్షిణాన సెయింట్ రెమీలో మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. జనవరి 31న తమ్ముడు థియోకి కొడుకు పుట్టాడు. పెదనాన్న పేరే పెట్టారు, విన్సెంట్ అని. ఆ పసివాడి కోసం వేసిన బొమ్మ ఇది. బాదం అక్కడ చలి పూర్తిగా పోకముందే పూసేస్తుంది, ఇంకా ఏ చెట్టూ నిద్ర లేవని రోజుల్లో. కొత్తగా పుట్టినవాడికి అందుకే ఆ కొమ్మ. ఆరు నెలలు తిరక్కుండానే, జూలై 29న, వేసినవాడు పోయాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక పెదనాన్న బొమ్మలన్నీ చెదిరిపోకుండా ఒక ఫౌండేషన్ కిందికి చేర్చాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరిచారు. అసలు బొమ్మ అక్కడుంది.

ఇంకొకటి. బాదం అనగానే మన వీధుల్లో గొడుగులా అంతస్తులుగా పెరిగి, ఆకులు ఎర్రబడి రాలే చెట్టు అనుకోకండి. అది వేరే కుటుంబం. వాన్ గో వేసింది మనం నానబెట్టుకుని తినే బాదం పప్పు చెట్టు, పీచ్ పండుకి దగ్గరి చుట్టం. మా పిల్లలకి ఈ బొమ్మ చూపిస్తే "మాస్టారూ, మన స్కూలు బాదం చెట్టుకి ఇలాంటి పూలు రావేంటి" అని అడిగేవాళ్లు.

ఇక అసలు అనుమానం. ఆ బొమ్మ సుమారు 73 సెంటీమీటర్ల ఎత్తు, 92 వెడల్పు. మీ మ్యాట్ ఎంత?

పటమట కోడలు · 8:40

పొడవు 183, వెడల్పు 61 అని రాసుంది మాస్టారూ.

లక్ష్మీపురం మాస్టారు · 8:52

అదీ సంగతి. మూడుకి ఒకటి. 92కి 73 ఉన్న బొమ్మని మూడుకి ఒకటిలో పట్టించాలంటే ఎత్తులో సగానికి పైగా కోసి పారేయాలి. నిలువుగా తీసుకుంటే 92లో పాతిక సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. కోయనంటే సాగదీయాలి. మీది ఏది చేశారో చూసి చెప్పండి. ఎలాగైనా మీ అత్తయ్యగారు తొక్కేది వాన్ గో బొమ్మని కాదు, బొమ్మలో ఒక ముక్కనో, సాగదీసిన నకలునో.

పటమట కోడలు · 9:20

ఇప్పుడే పరిచి చూశాను. సాగదీశారు మాస్టారూ! పూలు కోడిగుడ్లలా నిలువుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ బొమ్మే అంత అనుకున్నాను.

డాబా మొక్కలు · గుంటూరు · 9:47

బొమ్మ సంగతి తర్వాత, ముందు ఎండ సంగతి చెప్పనివ్వండి. నాది కూడా సహజ రబ్బరే, తాబేలు బొమ్మ ఉండేది. వాసన వస్తోందని పోయిన మే నెలలో తడిపి డాబా మీద ఆరేశాను. మధ్యాహ్నం మర్చిపోయి సాయంత్రం వెళ్తే కింద రబ్బరు డాబాకి వేసిన తెల్ల పెయింటుకి అతుక్కుపోయింది. గోకి గోకి లాగాను. నెల తిరిగేసరికి అంచుల్లో ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు. డాబా మీద మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, మా ఆయన ఎవరొచ్చినా చూపిస్తాడు.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే "ఎండలో పెట్టకూడదని లోపల కాగితంలో రాశాం మేడమ్" అన్నారు. నిజమే, రాశారు. అంత చిన్న అక్షరాలు నేను చూడలేదు.

బ్రాడీపేట రబ్బరు · గుంటూరు · 10:05

పాత ఉద్యోగంలో కొన్నేళ్లు కేరళలో రబ్బరు మధ్యే బతికాను. పైన చెప్పింది అక్షరాలా నిజం. సహజ రబ్బరు చెట్టు పాలు. ఎండలోని అతినీల కిరణాలు, గాలిలోని ఓజోను దాన్ని విరిచేస్తాయి, పగుళ్లు అందుకే. నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టాలి. కారు డిక్కీలో అస్సలు వదలకూడదు. బెజవాడ మేలో డిక్కీ అంటే పెనమే. నూనె కూడా పడదు. ఆ సువాసన తైలాల స్ప్రేలు కొట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

వాసనకి భయపడక్కర్లేదు, వారం పదిరోజుల్లో తగ్గుతుంది. కానీ ఇంట్లో ఎవరికైనా లేటెక్స్ పడకపోతే, అంటే బెలూన్లు, డాక్టర్ల గ్లౌజులు తగిలితే దద్దుర్లు వచ్చే రకమైతే, సహజ రబ్బరు వద్దు.

మిగతావి కూడా చెప్తాను. పొట్టు రాలే మీ పాత నీలంది పీవీసీనో ఫోమో అయ్యుంటుంది. పీవీసీ అంటే ఒక రకం ప్లాస్టిక్, దాన్ని మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు, ఆరోగ్యం గొడవంతా వాటితోనే. టీపీఈ అని ఇంకొకటి వస్తోంది, తేలిగ్గా ఉంటుంది, రీసైకిల్ అవుతుంది అంటారు. అదీ పెట్రోలియం సరుకే. రీసైకిల్ అవుతుంది సరే, మన చెత్తబండి అబ్బాయికి ఇస్తే ఎవరు చేస్తారు? కార్క్ మాత్రం మంచి సరుకు. ఓక్ జాతి చెట్టు బెరడు అది. చెట్టు కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు, మళ్లీ పెరుగుతుంది. ప్రపంచంలో సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. కాకపోతే కార్క్ మ్యాట్‌లో కార్క్ పైన పలచటి పొర, కింద మళ్లీ రబ్బరో టీపీఈనో.

గవర్నర్‌పేట బాబాయ్ · విజయవాడ · 11:32

షాపు తెరిచి ఇప్పుడే చూశాను. ప్రింటింగు మా తిండి కాబట్టి నేను మాట్లాడాలి. ఒక్కటి అడుగుతా అమ్మాయ్. మ్యాట్ పైభాగం రబ్బరులా ఉందా, గుడ్డలా ఉందా? వేలితో ఒకవైపు రాస్తే రంగు ముదురుగా, ఇంకోవైపు రాస్తే లేతగా కనిపిస్తోందా?

పటమట కోడలు · 11:41

గుడ్డలానే ఉంది బాబాయ్. మెత్తగా, వెల్వెట్ లాగా. అవును, రాస్తే షేడు మారుతోంది.

గవర్నర్‌పేట బాబాయ్ · 12:08

అనుకున్నాను. అది పాలిస్టర్ మైక్రోఫైబర్. కింద రబ్బరు సహజమే అయ్యుండొచ్చు, నువ్వు ముట్టుకునేదీ మీ అత్తగారు తొక్కననేదీ ప్లాస్టిక్ దారం.

ఎందుకంటే అంత కళకళలాడే ఫొటో ప్రింటు సబ్లిమేషన్‌తోనే వస్తుంది. మేం జెర్సీలు, కప్పులు, ఫొటో దిండ్లు కొట్టేదీ దాంతోనే. బొమ్మని తిరగేసి కాగితం మీద ప్రింటు తీస్తాం. కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి, సుమారు 200 డిగ్రీల వేడిలో నిమిషం అటూ ఇటూ నొక్కుతాం. ఇంకు కరగదు, నేరుగా ఆవిరై పాలిస్టర్ దారంలోకి దూరిపోతుంది. చల్లారగానే లోపలే ఉండిపోతుంది. అందుకే ఎన్ని ఉతుకులకైనా పోదు, గోటితో గీకినా ఊడదు. కానీ ఇది కాటన్ మీద పనిచేయదు, ఒక్క ఉతుక్కే వెలిసిపోతుంది. పాలిస్టరే కావాలి. అంటే బొమ్మ కావాలంటే ప్లాస్టిక్ తప్పదు, ప్లాస్టిక్ వద్దంటే ఈ బొమ్మ ఇంత బాగా రాదు. మీ మ్యాట్‌ని పర్యావరణానికి దూరం చేసింది వాన్ గోనే!

కొందరు వాడేసిన నీళ్ల సీసాల నుంచి తీసిన దారం వాడతారు. లేబుల్ మీద ఉందేమో చూడు, ఉంటే కొంత నయం.

ఇంకో చిన్న రహస్యం. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు. మీ పూలలో తెలుపు ఎవరూ అచ్చేసింది కాదు, అక్కడ గుడ్డ అలాగే వదిలేశారు. వాడితే ముందు మాసిపోయేవి ఆ పూలే. మా వాడొకడు తెల్ల హంసల బొమ్మ మ్యాట్ కొనుక్కున్నాడు. మూడు నెలల్లో హంసలు బాతులయ్యాయి.

కృష్ణలంక కుర్రాడు · 12:15

హంసలు బాతులయ్యాయి 😂 బాబాయ్ దండం.

కొత్తపేట శారద · గుంటూరు · 12:50

అయితే మోసమేగా? సహజం అని రాసి పైన ప్లాస్టిక్ గుడ్డ అతికిస్తే? వెంటనే వాపసు పంపించేయండి.

ఒక వినియోగదారు · విజయవాడ · 1:22

మోసం అనే ముందు ఆ పేజీలో ఏం రాశారో పూర్తిగా చదవండి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, ఇలాంటి ఉత్తుత్తి పచ్చదనం ప్రకటనల మీదే. "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" లాంటి మాటలు ఊరికే వాడకూడదు, ఆధారం చూపాలి. వస్తువు మొత్తం గురించి చెప్తున్నారా, ఒక భాగం గురించేనా అన్నదీ చెప్పాలి. ఇక్కడ తేడా సరిగ్గా అక్కడే. రబ్బరు గురించి చెప్పి మ్యాట్ మొత్తానికీ వర్తించినట్టు వినిపించారు. ఫిర్యాదు చేయాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు.

పటమట కోడలు · 1:40

చదివాను. కింద చిన్నగా "పై పొర మైక్రోఫైబర్" అని ఉంది. సీసాల మాట ఎక్కడా లేదు. కోపం వాళ్ల మీద కంటే నా మీదే వస్తోంది. బొమ్మ చూడగానే మిగతాది చదవడం మానేశాను.

ముగ్గుపిండి · గుంటూరు · 3:15

అందరూ రబ్బరు దగ్గరే ఆగిపోయారు. అత్తయ్యగారి మాట వదిలేశారు, నాకు అదే ముఖ్యం.

ధనుర్మాసంలో మా అమ్మ నాలుగింటికి లేచి గేటు ముందు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టేది. మెలికలు తిప్పుతుంటే నేను టార్చి పట్టుకోవాలి. చుక్క తప్పితే మొత్తం చెరిపి మళ్లీ మొదలు. నడుం పట్టేసి ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, రెండో చేత్తో గీత ఆగకుండా లాగేది. ఆరున్నరకి పాలబ్బాయి సైకిల్ దాని మధ్యలోంచి వచ్చేది. ఏడున్నరకి స్కూలు ఆటో. అమ్మ ఒక్కనాడూ వాళ్లని ఏమీ అనలేదు. సాయంత్రానికి చెరిగిపోతేనే కదా రేపటికి చోటు. నేల మీద వేసిన బొమ్మకి కాళ్లు తగలడం మన ఆడవాళ్లకి కొత్తా? పువ్వులూ వేస్తాం, తామరలూ వేస్తాం.

కొత్తపేట శారద · 3:31

ముగ్గు మీంచి నడుస్తాం సరే, దాని మీద నిలబడి అరగంట గెంతం కదా అక్కా. పైగా మీ అమ్మ మిమ్మల్ని తొక్కనిచ్చేదా? నిజం చెప్పండి.

ముగ్గుపిండి · 3:38

లేదు 😄 "పక్క నుంచి తగలడవే" అనేది.

లక్ష్మీపురం మాస్టారు · 4:20

కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం మనం. మీ అత్తయ్యగారిది చాదస్తం అనను. ఆవిడ బొమ్మని బొమ్మగా చూశారు, మనం డిజైనుగా చూశాం. 130 ఏళ్లు దాటిన బొమ్మకి పటమటలో ఒకావిడ కాలు పెట్టడానికి జంకడం కంటే పెద్ద మర్యాద ఏముంటుంది? ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లకి తెలిస్తే సంతోషిస్తారు.

కృష్ణలంక కుర్రాడు · 4:33

వాన్ గో పూలు నయం మాస్టారూ. అదే అంగట్లో రవివర్మ బొమ్మల మ్యాట్లు కూడా చూశాను. మేనకా విశ్వామిత్రులు. వాళ్ల మీద శవాసనం ఎలా వేస్తాం?

లక్ష్మీపురం మాస్టారు · 4:58

రవివర్మ సంగతి ఇంకా చిక్కు. 1894లో బొంబాయి దగ్గర ఆయన పెట్టిన ప్రెస్సు నుంచి అచ్చయిన లక్ష్మీ సరస్వతులే మన పూజగదుల గోడలకెక్కారు. అచ్చేసిన బొమ్మకి దణ్ణం పెట్టడం మన తాతలకి అలవాటు చేసిందే ఆయన. మళ్లీ ఆయన బొమ్మనే అచ్చేసి కాళ్ల కిందేస్తే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

గవర్నర్‌పేట బాబాయ్ · 5:40

మా షాపుకీ అడుగుతూ వస్తున్నారు. 2025లో విశాఖలో ఆ పెద్ద యోగా కార్యక్రమం జరిగినప్పటి నుంచీ మ్యాట్ల బేరం పెరిగింది. బాపు బొమ్మ వేసిమ్మంటారు, వడ్డాది పాపయ్య బొమ్మ వేసిమ్మంటారు. వేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టు సెంటర్ · విజయవాడ · 6:25

వద్దు బాబాయ్. మన దేశంలో చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్లు హక్కు వారసులదే, లేదా వాళ్లు ఎవరికి రాసిస్తే వాళ్లది. వాన్ గో 1890, రవివర్మ 1906. ఇద్దరికీ ఇబ్బంది లేదు. మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లోనే పోయారు, ఆయనవీ వాడుకోవచ్చు. వడ్డాది పాపయ్య 1992లో పోయారు కాబట్టి 2052 చివరిదాకా ఆగాలి. బాపు 2014, అంటే 2074 చివరిదాకా. గోడ మీద ఒరిజినల్ పెయింటింగు మీ సొంతమైనా సరే, అచ్చేసి అమ్ముకునే హక్కు దాంతో పాటు రాదు.

గవర్నర్‌పేట బాబాయ్ · 6:31

2074కి నాకు నూట ఇరవై రెండు. యోగా చేస్తూ ఎదురు చూస్తాను.

ఉండవల్లి వైపు · 6:50

విదేశీ బొమ్మలెందుకండీ, పక్కనే అమరావతి పెట్టుకుని? స్తూపం ఫలకాల్లో ఆ పద్మాలు చూడండి, గుండ్రంగా, రేకు మీద రేకు. మ్యాట్ మధ్యలో ఒక్క పద్మం చాలు.

లక్ష్మీపురం మాస్టారు · 7:05

పద్మం భేష్. పాదాల జోలికి మాత్రం పోకండి. అమరావతి తొలి శిల్పాల్లో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. చెట్టు, ఖాళీ సింహాసనం, పాదముద్రలు, వీటితోనే చూపించారు. తెలియక ఎవరైనా ఆ పాదాలు అచ్చేస్తే బుద్ధుడి పాదాల మీద మన పాదాలు పెట్టినట్టవుతుంది.

పేరు చెప్పను · 7:11

అమరావతి శిల్పాలు చాలావరకు చెన్నైలో, లండన్‌లో. మనకి మిగిలిందేంటి? అసలు రాజధాని విషయంలోనే

నిర్వాహకులు · 7:19

రాజధాని చర్చకి వేరే గది ఉంది. ఇక్కడ మ్యాట్లే. పై పోస్టు కత్తిరించాం.

సత్యనారాయణపురం యోగా · విజయవాడ · 9:10

ఉదయం, సాయంత్రం క్లాసులు చెప్తాను. చర్చ అంతా చదివాను, కాళ్ల కింద ఏం జరుగుతుందో ఎవరూ అడగలేదు!

మీరు కొన్న రకం గుడ్డ మ్యాట్ పొడిగా ఉంటే జారుతుంది, తడిస్తే పట్టు దొరుకుతుంది. చెమట పట్టే కొద్దీ బాగుంటుంది. బెజవాడ వేసవిలో సమస్యే లేదు, మొదటి సూర్యనమస్కారానికే తడుస్తుంది. డిసెంబరు పొద్దుల్లో మాత్రం చేతులూ కాళ్లూ పెట్టేచోట నాలుగు చుక్కల నీళ్లు చిలకరించుకోవాలి. కొత్తగా కొన్నవాళ్లు ఇది తెలియక అధోముఖ శ్వానాసనంలో ముందుకి జారి, మ్యాట్ బాగోలేదంటారు.

రెండోది బరువు. నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ రెండున్నర కిలోల దాకా తూగుతుంది. అరవై మూడేళ్లావిడ రోజూ భుజాన వేసుకుని పార్కుకి మోయాలి. ఆవిడ పాత మ్యాట్ వదలకపోవడానికి పూలు ఒక్కటే కారణమా? అడిగి చూడండి. మోకాళ్ల కిందికి తువ్వాలు మడిచి పెట్టుకుంటే చాలు, మందపాటి మ్యాట్ అక్కర్లేదు.

పాతకాలం వాళ్లకీ ఈ పొరల లెక్క తెలుసు. గీత ఆరో అధ్యాయంలో ఆసనం గురించి చెప్తూ దర్భలు, వాటి మీద చర్మం, దాని మీద బట్ట అని వరసగా చెప్పారు. అది కూర్చునే ధ్యానానికి అనుకోండి. మా క్లాసులో పెద్దవాళ్లు సగం మంది మ్యాట్ మీద నూలు జంపఖానా పరుచుకుంటారు. చెమట పీలుస్తుంది, ఇంటికెళ్లి బాల్చీలో ముంచి ఉతుక్కోవచ్చు.

డాబా మొక్కలు · 9:25

నూలు, బొమ్మ రెండూ కావాలంటే పెడన కలంకారీ ఉందిగా. కరక్కాయ, మంజిష్ఠ, నీలి, అన్నీ చెట్టూ చేమా రంగులే. చెక్క అచ్చులతో పూలూ లతలూ. అసలైన పర్యావరణహితం అదీ.

గవర్నర్‌పేట బాబాయ్ · 9:33

నిజమైన కలంకారీ అయితే. సిల్కు స్క్రీను మీద కెమికల్ రంగులు కొట్టి కలంకారీ అని అమ్మేవాళ్లున్నారు. ఆ పనిచేసే వాళ్లు నా స్నేహితులే కాబట్టి ఇంతకంటే చెప్పను.

పటమట కోడలు · గురువారం ఉదయం 8:05

అందరికీ ముందుగా క్షమాపణ, రెండు రోజులు ఇటు రాలేదు. వాపసు గడువు అయిపోయింది. పంపలేదు.

యోగా మేడమ్ చెప్పినట్టు అడిగాను. బరువు ఒక కారణమేనట! "చెప్తే నువ్వు బాధపడతావని పూల మీద పెట్టాను, కానీ పూల మాట కూడా అబద్ధం కాదు" అన్నారు. మాస్టారు చెప్పిన పసిపిల్లాడి కథ చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక "ఆ పిల్లాడి తల్లి ఆ బొమ్మ ఎక్కడ పెట్టుకుందో" అన్నారు. నాకు తెలియదన్నాను.

నిన్న పొద్దున్న చూస్తే క్లాసుకి పాత మ్యాటే పట్టుకెళ్లారు. సాయంత్రం మాత్రం హాల్లో ఫ్యాను కింద కొత్తది పరిచారు. దాని మీద మా పెళ్లప్పుడు కొన్న ఎర్ర చారల జంపఖానా. అయిపోయింది, నాలుగు వేల బొమ్మ మీద దుప్పటి కప్పేశారు అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కప్పింది సగమే. కాళ్ల వైపు జంపఖానా, తల వైపు పూలు. నిలబడేది, గెంతేది అంతా చారల మీద. వంగినప్పుడు చేతులు పూల మీద. శశాంకాసనంలో నుదురు సరిగ్గా పెద్ద పువ్వుకి తగులుతోంది.

"చెయ్యి పెట్టొచ్చు, తల పెట్టొచ్చు. కాలే కుదరదు" అన్నారు. నేనేమంటాను?

కాకపోతే జంపఖానా మడత ఎత్తుగా ఉండి ఒకసారి కాలు తట్టుకుంది. దానికి ఏదైనా ఉపాయముంటే చెప్పండి.

ముగ్గుపిండి · 8:12

నుదురు పువ్వుకి తగలడం! అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి.

సత్యనారాయణపురం యోగా · 8:30

అంచుని మ్యాట్ కిందికి మడిచి, చివర్లు రెండు టాకాలు వేసి లాగి కట్టండి. లేకపోతే జంపఖానాని సగానికి కోయించి అంచు కుట్టించండి. వయసులో ఉన్నవాళ్లు తట్టుకున్నా లేస్తారు, ఆవిడ విషయంలో అశ్రద్ధ వద్దు.

గవర్నర్‌పేట బాబాయ్ · 10:48

ఇదేదో బాగుందే. సగం బొమ్మ, సగం ఖాళీ మ్యాట్ కొట్టిస్తే? తల వైపు బొమ్మ, కాళ్ల వైపు ఉత్త రంగు. మార్కెట్లో ఎవరూ అమ్మట్లేదు.

లక్ష్మీపురం మాస్టారు · 11:15

బాబాయ్, ఆగండి. లెక్క చూడండి. 183లో సగం 91న్నర. బొమ్మ వెడల్పు 92! మ్యాట్ వెడల్పు 61, బొమ్మ ఎత్తు 73. అంటే పైనా కిందా ఆరేసి సెంటీమీటర్లు పోతే, సాగదీయకుండా, దాదాపు అసలు సైజులోనే పడుతుంది. పూలు గుండ్రంగా ఉంటాయి. కాకపోతే కొమ్మ పక్కకి తిరిగి ఉంటుంది, నిలబడి చూస్తే మెడ వంచాలి.

కృష్ణలంక కుర్రాడు · 11:18

మెడ వంచడం కూడా ఆసనమే మాస్టారూ.

గవర్నర్‌పేట బాబాయ్ · 11:26

గుడ్డ పాలిస్టరేనండోయ్, ముందే చెప్తున్నా. తర్వాత నన్ను 1915కి పట్టివ్వకండి.

పటమట కోడలు · 11:52

అత్తయ్య క్లాసులో ఐదుగురు అడుగుతున్నారు బాబాయ్. రేటు చెప్పండి. తేలిగ్గా ఉండాలి, పార్కుకి మోయాలి.